ప్రశ్న వేయు వీడియో పాఠము: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

మార్కాపురము పలక చేతబట్టి అక్షరములు దిద్దని పెద్దలు మన పశ్చిమ ప్రకాశమునందు అరుదు. ఆ నల్లరాతి పలకకు ఒక గుణము కలదు. బాలుడు దానిపై వ్రాయును; పంతులుగారు చూతురు; తప్పున్నచో అప్పటికప్పుడే చెరిపించి మరల వ్రాయింతురు. బాలుడేమి నేర్చెనో, ఏది నేర్వలేదో అరనిమిషములో తేలిపోవును. పలకపై మాట రెండు దిక్కులకును నడచును.

నేడు అనేక పాఠశాలలలో పలక చెంతకు ట్యాబు వచ్చినది. నల్లబల్ల ప్రక్కకు పెద్ద తెర వచ్చినది. 2017 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము 'దీక్ష' అను విద్యావేదికను ప్రారంభించినది. పాఠ్యపుస్తకములలోని చిన్న నలుచదరపు గళ్లబొమ్మను, అనగా క్యూ.ఆర్. కోడును, ఫోనుతో చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన వీడియో దీక్షలో తెరచుకొనును. 2022 డిసెంబరు 21వ తేదీన మన రాష్ట్రమునందలి ప్రభుత్వ పాఠశాలలలో 8వ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ ప్రారంభమైనది. ఇంటర్నెట్టు లేకున్నను చూచుకొనుటకు వీలుగా వానిలో వీడియో పాఠములను ముందుగానే నింపి యిచ్చిరి. మరుసటి సంవత్సరము తరగతి గదులలో పెద్ద తెరలను అమర్చు పని మొదలయినది.

ఇంతవరకు సంతోషమే. కాని వీడియో మాటలాడునే గాని వినదు. బాలుడు నిద్రపోయినను, కిటికీలోనుండి మేకలను లెక్కించుచున్నను, అది తన పాఠము తాను చెప్పుకొని పోవును. చెప్పినది చెవికెక్కినదో లేదో తెలిసికొను మార్గము దానియందే కల్పించుటకు సాఫ్ట్‌వేరులో కొన్ని సౌకర్యములను చేర్చుచున్నారు. పాఠము నడుమ ఆగి ప్రశ్న వేయుట, జవాబునుబట్టి ముందునకో వెనుకకో పోవుట, ఆ జవాబును ఉపాధ్యాయునికి అందజేయుట వీనిలో ముఖ్యమైనవి. ఇది కంపెనీలవారికో, విద్యాశాఖవారికో సంబంధించిన సాంకేతిక విషయమని పంచాయతీ సభ్యులు ప్రక్కకు నెట్టివేయరాదని మా మనవి. ఏలననగా ఈ సౌకర్యము కలదా లేదా, ఉన్నచో అది పని చేయునా అన్న దానిపైననే ఆ తెరలకు పెట్టిన సొమ్ము పిల్లలకు చదువగుటయో, గోడకు అలంకారమగుటయో ఆధారపడియున్నది.

మేము గత సంవత్సరము యర్రగొండపాలెము సమీపమున ఒక పాఠశాలకు పోయియుంటిమి. భిన్నములను గూర్చిన వీడియో నడచుచుండెను. పాఠము చక్కగా నున్నది. బొమ్మలు ముచ్చటగా కదలుచున్నవి. పదునాలుగు నిమిషముల తరువాత తెర ఆగినది. "అర్థమైందా?" అని ఉపాధ్యాయుడు అడిగెను. "అయింది సార్!" అని తరగతియంతయు ఒక్క గొంతుతో పలికెను. మేము ఊరకుండలేక, మూడవ వంతు పెద్దదా, నాలుగవ వంతు పెద్దదా యని ఒక బాలికను అడిగితిమి. ఆమె తడుముకొనకుండ, "నాలుగో వంతే సార్. మూడు కంటే నాలుగు పెద్దది గదా!" అనెను. మిగిలినవారిలో అనేకులు తలలూపిరి.

ఆ ఉపాధ్యాయుని తప్పు పట్టుటకు మాకు నోరు రాదు. ప్రచార శాఖలో ఇన్నేండ్లుగా మేము చేయుచున్న పొరబాటు సరిగా అదియే. ఒకమారు ఫ్లోరైడు నీటి వలన కలుగు అనర్థములపై ఒక గ్రామమున లఘుచిత్రమును ప్రదర్శించితిమి. జనము కిక్కిరిసి చూచిరి. ఇంతమంది చూచిరని నివేదిక వ్రాసి పంపితిమి. మరునాడు టీ దుకాణము వద్ద విచారింపగా, చిత్రములోని పాట అందరికిని జ్ఞాపకమున్నది. ఏ బోరు నీరు త్రాగరాదో ఒక్కరును చెప్పలేదు. చూచినవారి సంఖ్యయే తెలిసికొన్నవారి సంఖ్య యని మేము అంతవరకు భావించుచుంటిమి.

ఈ చిక్కు క్రొత్తది కాదు. ఆకాశవాణి, యునెస్కో కలిసి 1956లో నాటి బొంబాయి రాష్ట్రమున పూనా పరిసరములలో సుమారు 150 గ్రామములందు రేడియో గ్రామ గోష్ఠులను నడపినవి. కెనడా దేశపు రైతుల రేడియో గోష్ఠులు దీనికి మాదిరి. గ్రామస్థులు ఒక చోట గుమికూడి ప్రసారమును వినుట, విన్నదానిని చర్చించుట, సందేహములను కాగితముపై వ్రాసి రేడియో కేంద్రమునకు పంపుట, వానికి జవాబు తరువాతి ప్రసారములో వినుట దీని పద్ధతి. రేడియో పెట్టె ఒక్క దిక్కుకే పలుకు యంత్రమైనను, పోస్టు కార్డు దానికి రెండవ దిక్కు కల్పించినది.

తరువాత 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరము పాటు మన దేశమున ఉపగ్రహ టెలివిజను ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములందు టెలివిజను పెట్టెలను నెలకొల్పి, అమెరికా ఉపగ్రహము ద్వారా తెలుగు మున్నగు భాషలలో కార్యక్రమములను చూపిరి. ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయ, ఆరోగ్య విషయములు. ప్రపంచమంతయు చెప్పుకొన్న ప్రయోగమది. కాని పల్లెలోని పిల్లవాని ప్రశ్న తిరిగి ఆ స్టూడియోకు చేరు దారి ఆ పెట్టెలో లేదు. ఆ దారిని వెదకుటకే తరువాతి యత్నములు సాగినవి. రాష్ట్ర విభజనకు పూర్వము హైదరాబాదు నుండి నడచిన 'మన టీవీ'లో పాఠము ఉపగ్రహము ద్వారా వచ్చెడిది. విద్యార్థి ఫోను ద్వారా సందేహము అడిగెడివాడు. 2004 సెప్టెంబరు 20వ తేదీన శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎడ్యుశాట్ ఉపగ్రహము విద్య కొరకే ఉద్దేశింపబడినది. కొన్ని కేంద్రములలో విద్యార్థులు ఉపాధ్యాయునితో ఎదురెదురుగా మాటలాడు ఏర్పాటు దానిలో నుండెను. అయితే ఫోనులో ఒకరు అడుగుచుండగా తక్కినవారు ఊరక వినవలసినదే. అడుగుటకు జంకు పిల్లల సంగతి ఎవరికిని తెలియదు.

ఇప్పటి సాఫ్ట్‌వేరు ఈ జంకును కొంత తీర్చగలదు. అది ఎట్లు పని చేయునో తేటగా చెప్పెదము.

వీడియో ఒక దస్త్రము. ప్రశ్నల పట్టిక మరియొక దస్త్రము. ఈ రెండవ దస్త్రములో ఇట్లు వ్రాసియుండును: పాఠము మూడు నిమిషముల ఇరువది సెకండ్ల వద్ద ఆగవలెను, ఈ ప్రశ్న తెరపై కనబడవలెను, జవాబులు ఇవి, సరియైనదానిని ముట్టినచో పాఠము సాగవలెను, ఫలానా తప్పు జవాబును ముట్టినచో ఒక నిమిషము నలువది సెకండ్ల వద్దకు తిరిగిపోయి ఆ భాగమును మరల చూపవలెను. వీడియోను చూపు సాఫ్ట్‌వేరు ఈ పట్టికను చదువుకొనుచు, వేళకు పాఠమును ఆపును. అంతకంటె మాయ ఏమియు లేదు. రైలుబండికి స్టేషనుల పట్టిక ఎట్టిదో, వీడియోకు ఈ పట్టిక అట్టిది.

రెండు దస్త్రములు వేరువేరుగా నుండుటలో ఒక గొప్ప సదుపాయము కలదు. వీడియో ఢిల్లీలో తయారైనను, దానికి ప్రశ్నలు యర్రగొండపాలెములో వ్రాయవచ్చును. మరల చిత్రీకరణ అక్కరలేదు. నార్వే దేశమున 2013లో ఆరంభమైన హెచ్.5.పి. అను ఉచిత సాఫ్ట్‌వేరు ఇందుకు పేరొందినది. ప్రోగ్రాములు వ్రాయుట తెలియని ఉపాధ్యాయుడును ఒక ఫారము నింపినట్లు దానిలో ప్రశ్నలను చేర్చగలడు. ఆస్ట్రేలియాలో పుట్టి 2002 నుండి ప్రపంచమంతట వాడుకలో నున్న 'మూడిల్' అను విద్యా సాఫ్ట్‌వేరులో ఇది ఇప్పుడు అంతర్భాగమే. మన దీక్షకు పునాదియైన 'సన్‌బర్డ్' సాఫ్ట్‌వేరు మన దేశముననే రూపొందినది; దాని వీడియో పరికరమునందును పాఠమును నడుమ ఆపి ప్రశ్నలు వేయు ఏర్పాటును చేర్చిరి. ఇవన్నియు ఎవరైనను ఉచితముగా తీసికొని, విప్పి చూచి, మార్చుకొనదగిన సాఫ్ట్‌వేరులు. కాని కంపెనీలు విక్రయించు కొన్ని వీడియోలకు ఇట్లు ప్రశ్నలు చేర్చు హక్కు కొనుగోలుదారునకు ఉండదు. దాత యెవరైన పాఠశాలకు వీడియో పాఠములను కొనియిత్తునన్నప్పుడు సభ్యులు మొట్టమొదట అడుగవలసినది ధర కాదు. మన ఉపాధ్యాయుడు దానిలో తెలుగు ప్రశ్నను చేర్చుకొనవచ్చునా యని.

ఇట్లు ఆపి అడుగుట వలన నిజముగా ప్రయోజనము కలదా? కలదనియే పరిశోధకులు చెప్పుచున్నారు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. ఒకే వీడియో ఉపన్యాసమును నాలుగు భాగములుగా చేసి, కొందరికి భాగము ముగిసినప్పుడెల్ల చిన్న పరీక్ష పెట్టిరి, కొందరికి పెట్టలేదు. పరీక్ష వ్రాసినవారిలో మనస్సు పరధ్యానమున పడుట సుమారు సగమునకు తగ్గినది. వారు వ్రాసికొన్న నోట్సు పెరిగినది. చివరి పరీక్షలో వారే మిన్నగా వచ్చిరి. 2014లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో ఇంటర్నెట్టు కోర్సుల వీడియోలను జనము చూచిన తీరును 69 లక్షల సందర్భములలో లెక్కించిరి. వీడియో ఎంత పొడవైనదైనను, చూచువారి శ్రద్ధ సగటున ఆరు నిమిషములకు మించి నిలువలేదు. మన పదునాలుగు నిమిషముల భిన్నముల పాఠము సంగతి చెప్పనేల?

మన దేశమున జరిగిన పనియు ఒకటి కలదు. ఢిల్లీలో పేద కుటుంబముల పిల్లలకు బడి ముగిసిన తరువాత కంప్యూటరు పాఠములు చెప్పించు కేంద్రములను పరిశీలించి, 2019లో ఫలితములను ప్రచురించిరి. ఆరవ తరగతి పిల్లలు గణితమున సగటున రెండు తరగతులకు పైగా వెనుకబడియుండిరని అందు తేలినది. ఆ సాఫ్ట్‌వేరు పిల్లవాని జవాబులనుబట్టి అతడు ఏ మెట్టుమీద నున్నాడో కనిపెట్టి, అచ్చటినుండియే పాఠమును నడపినది. నాలుగున్నర నెలలలో ఆ పిల్లల గణితమును, హిందీయు స్పష్టముగా మెరుగుపడినవి. ఇచ్చట ఒక సంగతిని మరువరాదు. ఆ కేంద్రములలో సగము కాలమే కంప్యూటరు. తక్కిన సగము కాలము ఒక మనిషి పిల్లలను చిన్న జట్టుగా కూర్చుండబెట్టుకొని చదివించెను.

ప్రశ్నయనగానే ప్రతి ప్రశ్నయు ప్రశ్న కాదు. కొన్ని వీడియోలలో పాఠము ఆగి "అర్థమైనదా? అవును, కాదు" అని అడుగును. బాలుడు 'అవును' అని ముట్టి ముందుకు పోవును. ఇది యంత్రము చేత "అయింది సార్" అనిపించుట మాత్రమే. మరికొన్నింటిలో వీడియోలో క్రితము క్షణమున పలికిన మాటనే తిరిగి అడుగుదురు. చెవి ఉన్నచో చాలును, బుద్ధితో పని లేదు. మంచి ప్రశ్నలో తప్పు జవాబులు కూడ ఆలోచించి వ్రాసినవై యుండవలెను. మూడవ వంతు, నాలుగవ వంతులలో ఏది పెద్దది యన్న ప్రశ్నలో 'నాలుగవ వంతు' అను జవాబు ఊరక పెట్టినది కాదు. క్రింది అంకె పెద్దదైనచో భిన్నము పెద్దదని పొరబడు బాలుడు దానినే ముట్టును. అప్పుడు వీడియో వెనుకకు పోయి, ఒకే రొట్టెను ముగ్గురికి పంచుటయు, నలుగురికి పంచుటయు ప్రక్కప్రక్కన చూపవలెను. ఇట్టి ప్రశ్నలు వ్రాయుట పిల్లల తప్పులను ఏండ్ల తరబడి చూచిన ఉపాధ్యాయునికే సాధ్యము. సాఫ్ట్‌వేరు నిపుణుడు ఎంతటివాడైనను ఈ పని చేయలేడు.

మితము కూడ అవసరమే. నిమిషమునకొక ప్రశ్న వేసినచో పిల్లలు విసిగి, చదువకయే ఏదో యొకటి ముట్టుదురు. కొన్ని సాఫ్ట్‌వేరులలో పాఠమును ముందుకు దాటింపకుండ తాళము వేయు ఏర్పాటు కలదు. అది మాకు రుచించదు. తెలిసిన పిల్లవానిని తెలిసినదానికే కట్టివేయుట ఏమి న్యాయము? వెనుకకు పోయి మరల చూచుకొను స్వేచ్ఛ మాత్రము తప్పక ఉండవలెను.

ప్రశ్న ఏ భాషలో నుండవలెనన్నది మరియొక చిక్కు. మన పాఠ్యపుస్తకములు ఒక పుటలో ఇంగ్లీషును, ఎదుటి పుటలో తెలుగును ముద్రించుకొని వచ్చుచున్నవి. వీడియోయందును ప్రశ్న రెండు భాషలలో కనబడుట మేలు. లేనిచో బాలుడు గణితములో తప్పెనో, ఇంగ్లీషులో తప్పెనో తెలియదు.

ఇక మన ప్రాంతపు అసలు సమస్యకు వత్తుము. యర్రగొండపాలెము, దోర్నాల, పెద్దారవీడు, త్రిపురాంతకము, పుల్లలచెరువు మండలములలో కొన్ని గ్రామములు పెద్ద రోడ్డు ప్రక్కన ఉన్నవి. కొన్ని నల్లమల అంచున, మరికొన్ని పాలుట్ల వలె అడవి లోపల ఉన్నవి. అడవి లోపలి చెంచు గూడెములో ఇంటర్నెట్టు నిలుకడగా నుండునని నమ్ముకొని పాఠము నడపజాలము. అందుచేత ప్రత్యక్ష ప్రసార తరగతులలో నుండు చేయి యెత్తు గుర్తు, అప్పటికప్పుడు ఓటు వేయించు ఏర్పాటు మొదలైనవి పట్టణములకు సరిపోవచ్చును గాని, ఇచ్చట నమ్మదగినవి కావు. మనకు కావలసినది, ముందుగా నింపిన వీడియో, అందులోనే నింపిన ప్రశ్నలు, ఇంటర్నెట్టు లేనప్పుడు జవాబులను దాచుకొని ఉన్నప్పుడు పంపు ఏర్పాటు.

ఇది కష్టమని కొందరు అనుకొందురు. లెక్క చూడుడు. ఆరు నిమిషముల వీడియో, నాణ్యత తగ్గించినను, కొన్ని పదుల మెగాబైట్ల బరువు తూగును. ఒక జవాబు బరువు, పేరుతోను వేళతోను కలిపి, అర కిలోబైటు ఉండవచ్చును. నలువది మంది పిల్లలు ఐదేసి ప్రశ్నలకు చెప్పిన జవాబులన్నియు కలిపినను వంద కిలోబైట్లు. ఫోనులో తీయు ఒక్క ఫొటోకంటె తక్కువ. కాబట్టి బరువైన వీడియోను ఒకమారు ట్యాబులో నింపి తెచ్చుకొన్నచో, తేలికయైన జవాబులను ఉపాధ్యాయుడు వారమునకొకమారు యర్రగొండపాలెమునకు వచ్చినప్పుడు సిగ్నలు దొరికిన చోట అర నిమిషములో పంపివేయవచ్చును. 'కొలిబ్రి' అను ఉచిత సాఫ్ట్‌వేరు ఇట్టి ఊళ్లకొరకే 2017లో వెలువడినది. పాఠశాలలో ఒక చిన్న కంప్యూటరు ఉన్నచో, ఇంటర్నెట్టు లేకయే గదిలోని ట్యాబులన్నియు దానినుండి పాఠములను తీసికొనును. ఎవరు ఏ ప్రశ్నకు ఏమి చెప్పిరో ఉపాధ్యాయునికి అచ్చటనే కనబడును. మా యెరుకలో ఇంతకంటె అనుకూలమైన మార్గము లేదు.

అయితే జవాబులు పై కార్యాలయమునకు పోవుట ముఖ్యము కాదు. అవి మొట్టమొదట ఆ తరగతి ఉపాధ్యాయునికి తెలియవలెను. రాజధానిలో రంగురంగుల పటములు తయారై, గదిలోని ఉపాధ్యాయునికి ఏమియు కనబడనిచో, పిల్లవాని తప్పు తప్పుగానే యుండును. సాఫ్ట్‌వేరును పరిశీలించునప్పుడు ఉపాధ్యాయుని తెరను చూపుమని అడుగవలెను. మూడవ ప్రశ్నకు పదునెనిమిది మంది తప్పు చెప్పిరి, వారిలో పదునైదు మంది ఒకే తప్పు చెప్పిరి యని అందు ఒక్క చూపులో కనబడవలెను.

పిల్లవానికొక ట్యాబు లేనిచోట ఏమి చేయవలెను? నలుగురు ఒక ట్యాబు చుట్టు మూగి, చురుకైనవాడు ముట్టుచుండగా ముగ్గురు చూచుచుండుట మేము తరచుగా కనుగొన్నదే. సాఫ్ట్‌వేరు నలుగురి పేర్లను తీసికొని వంతులవారీగా పిలిచినచో కొంత మేలు. కాగితపు అట్టలతో పని జరుపు ఒక పద్ధతియు కలదు. 'ప్లికర్స్' అను సాఫ్ట్‌వేరులో ప్రతి విద్యార్థికి గుర్తు ముద్రించిన అట్ట నిత్తురు. అట్టను నాలుగు వైపులలో ఏ వైపునకు త్రిప్పి పట్టుకొనునో అదియే అతని జవాబు. ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను గది చుట్టు త్రిప్పగనే అందరి జవాబులును నమోదగును. ఫోను ఒక్కటే, అట్టలకు అయ్యెడు ఖర్చు ముద్రణ ఖర్చు మాత్రమే.

దానికన్న చవుకైనది మన పలకయే. మేము పైన చెప్పిన పాఠశాలకు కొన్ని నెలల తరువాత మరల పోయితిమి. ఆ ఉపాధ్యాయుడు భిన్నముల వీడియోను మూడు ముక్కలుగా ఆపుచుండెను. తెర ఆగగానే పిల్లలు జవాబును పలకపై వ్రాసి బోర్లించుకొనవలెను. అతడు చప్పట్లు చరచగనే అందరును ఒక్కమారుగా పలకలెత్తవలెను. ప్రక్కవాని పలక చూచి వ్రాయుటకు వ్యవధి లేదు. 'అయింది సార్' అని తప్పించుకొనుటకు వీలు లేదు. మేము చూచిన దినమున మొదటి ప్రశ్నకు సగమునకు పైగా పలకలు తప్పు జవాబుతో లేచినవి. అతడు వీడియోను వెనుకకు త్రిప్పలేదు; తెరను ఆర్పి, ఒక పలకను బలపముతో మూడు భాగములు, మరియొక పలకను నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమును సుద్దతో నింపి ప్రక్కప్రక్కన నిలిపెను. వెనుక బల్లమీది పిల్లవాడు "అరె, మూడో వంతే పెద్దది!" అని కేక వేసెను. తప్పుల సంఖ్యను అతడు తరువాత తన ట్యాబులో ఎక్కించుకొనెను. పై వారమున అదే ప్రశ్నను మరల అడుగుటకట.

ఈ వ్యవహారములో పంచాయతీకి గల స్థానమును గూర్చి కొందరు సభ్యులకు సందేహము కలదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులుండగా, స్థానిక సంస్థల ఎన్నికైన ప్రతినిధులకును చోటు కలదు. ఆ చట్టపు తొమ్మిదవ సెక్షను, వలసపోవు కుటుంబముల పిల్లలను బడిలో చేర్చించు బాధ్యతను స్థానిక సంస్థపైననే ఉంచినది. కావున సభ్యులు కమిటీ సమావేశమునకు పోయి, ట్యాబు చేతికి తీసికొని, తామే ఒక పాఠము చూచి, ఒక ప్రశ్నకు కావలెనని తప్పు జవాబు చెప్పి చూడవలెను. అప్పుడేమి జరిగినదన్న దానిలో సాఫ్ట్‌వేరు గుణమంతయు బయటపడును. ట్యాబులు ఎన్ని పని చేయుచున్నవి, చార్జింగు కొరకు ప్లగ్గులెన్ని, వేసవి సెలవులలో అవి ఎవరి అధీనమున నుండును అన్నవి చిన్న ప్రశ్నలుగా తోచును గాని, మేము చూచినంతవరకు పాఠములు ఆగిపోవునది వీని వద్దనే.

పిల్లల వివరముల విషయములోను జాగ్రత్త అవసరము. జవాబులను దాచు సాఫ్ట్‌వేరు పిల్లవాని పేరు, తరగతి, తప్పులు అన్నియు దాచును. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును పార్లమెంటు 2023లో ఆమోదించినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటితమై, దశలవారీగా అమలులోనికి వచ్చుచున్నవి. 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతి కావలెననియు, పిల్లలను గురిచేసి ప్రకటనలు చూపరాదనియు అది విధించుచున్నది. కొన్ని మినహాయింపులును కలవు. ఉచితమని వచ్చు యాప్ ప్రతిదానిని గూర్చియు, ఈ సమాచారము ఎచ్చటికి పోవునని అడుగుట అనుమానించుట కాదు.

వలసల మాట మరియొకమారు చెప్పవలసియున్నది. మన గ్రామములనుండి గుంటూరు ప్రాంతపు మిరపకోతలకు పోవు కుటుంబములు పిల్లలను వెంట గొనిపోవుట కలదు. బడి నడుమ రెండు మూడు నెలలు తప్పినచో తిరిగివచ్చిన పిల్లవాడు తరగతితో కలియలేడు. అట్టి పిల్లలకు సీజనల్ హాస్టలు మొదటి మార్గము. తల్లిదండ్రులు పిల్లలను అచ్చట వదలుటకు ఒప్పుకొనునట్లు చూచుట సభ్యుల పని. ఎంత చెప్పినను వెంట పోయినవానికి మాత్రము, ప్రశ్నలతో నింపిన ట్యాబు కొంత ఆసరా కాగలదు. ఇంటర్నెట్టు లేకున్నను అది ప్రశ్న వేయును, జవాబును దాచుకొనును. వాడు తిరిగి వచ్చిన దినమున ఉపాధ్యాయుడు దానిని తెరచి, ఎచ్చట ఆగెనో, ఎచ్చట తప్పెనో చూచి అచ్చటినుండి మొదలిడవచ్చును. ఇందుకు పోవు కుటుంబముల జాబితాయు, పిల్లల పేర్లును కోతలకు ముందే కావలెను. ఏ యింటివారు ఎప్పుడు బయలుదేరుదురో ప్రధానోపాధ్యాయునికంటె వార్డు సభ్యునికే ముందుగా తెలియును. ఆ జాబితా డిసెంబరు నెలలో జరుగు కమిటీ సమావేశమునకు అందినచో, ట్యాబులలో పాఠములు నింపుటకు వ్యవధి చాలును.